లారీ దిగి స్కూల్ బస్సెక్కిన డ్రైవర్: రెండు ఇంటర్వ్యూల కేసు

మే నెలొస్తే మా ఫీల్డులో ఎవరికీ సరిగ్గా నిద్రుండదు. తెలంగాణలో స్కూల్ బస్సుల ఫిట్‌నెస్ మే 15తో అయిపోతుంది, జూన్ 12 దగ్గర్లో స్కూళ్లు తెరుస్తారు, ఈ మధ్యలో ఉన్న నాలుగు వారాల్లోనే బస్సులకి డెంటింగ్, పెయింటింగ్, బ్రేకులు, టైర్లు అన్నీ చూపించుకుని ఆర్టీఏ దగ్గర పాస్ చేయించాలి, అదే నాలుగు వారాల్లో మానేసి వెళ్లిపోయినోళ్ల ప్లేసులో కొత్త డ్రైవర్లని పెట్టుకోవాలి. నేను ఎల్బీ నగర్ వైపు స్కూళ్లలో 14 ఏళ్లుగా ట్రాన్స్‌పోర్ట్ ఇన్‌చార్జిగా చేస్తున్నా. డ్రైవర్ ఇంటర్వ్యూకి ఏం వేసుకెళ్లాలి, ఏం పట్టుకెళ్లాలి అని ఫోన్ చేసి అడిగేవాళ్లు బోలెడు మంది, అందరికీ ఇస్త్రీ చొక్కా, ఒరిజినల్ లైసెన్స్ అని రెండు ముక్కలు చెప్పి పెట్టేసేవాణ్ణి. ఒక కేసు వల్ల ఆ రెండు ముక్కలు చాలవని తెలిసింది, అదే రాస్తున్నా.

ఒకే మనిషి, ఒకే స్కూలు, మూడు వారాల తేడాతో రెండు ఇంటర్వ్యూలు. మొదటిసారి వద్దన్నాం, రెండోసారి తీసుకున్నాం. ఈ మూడు వారాల్లో అతని డ్రైవింగ్ ఏం మారలేదు, లారీ వదిలేదాకా రోజూ అదే లారీ, అదే రోడ్డు. మారిందల్లా కాళ్లకున్నవి, జేబులోవి, చేతిలో కవరు.

మనిషి గురించి

పేరు రాయను. వయసు 42, సూర్యాపేట పక్కన పల్లె, ఎనిమిదో తరగతి దాకా చదివాడు. 17 ఏళ్లకి క్లీనర్‌గా లారీ ఎక్కాడు, తర్వాత డీసీఎం వ్యాన్, తర్వాత పది టైర్ల లారీ, మధ్యలో రెండేళ్లు టిప్పర్. హెవీ లైసెన్స్ చేతికొచ్చి 11 ఏళ్లు. విజయవాడ హైవే అతనికి ఇంటి వాకిలి లెక్క, పంతంగి టోల్ దగ్గర ఏ టైముకి ఎంత లైనుంటదో, కొర్లపహాడ్ దాటాక ఏ హోటల్లో టీ తాగొచ్చో, ఎక్కడ తాగితే కడుపు పాడైతదో అన్నీ చెప్తాడు. బిడ్డ ఇంటర్‌కి వచ్చిందని కుటుంబాన్ని హయత్‌నగర్‌లో పెట్టాడు, తనేమో వారంలో ఐదు రాత్రులు లైన్ మీదే, ఇక చాలు, జీతం తక్కువైనా సరే రోజూ ఇంటికొచ్చే పని చూసుకో అని భార్య గట్టిగా చెప్పేసింది. అట్లా స్కూల్ బస్సు మీదికి మనసు పోయింది. లారీవాళ్లు చాలామంది ఈ వయసులో ఇటే చూస్తారు, జీతం పెద్దగా ఉండదు, బత్తాలుండవు, కానీ సాయంత్రానికి ఇంట్లో ఉంటారు.

మొదటిసారి

పొద్దున 8:30కి రమ్మంటే 9:10కి వచ్చాడు. రాత్రంతా బండి నడిపి తెల్లారి ఆటోనగర్‌లో లోడు దించి, లారీ అక్కడే పక్కకి పెట్టి, ఆటో ఎక్కి నేరుగా మా దగ్గరికే. క్యాబిన్లో తాడు మీద ఆరేసిన గళ్ల చొక్కా, మోకాళ్ల దగ్గర ఉబ్బిపోయిన ప్యాంటు, రబ్బరు చెప్పులు, భుజం మీద తువ్వాల, కళ్లు చింతనిప్పుల్లా ఉన్నాయి. వాచ్‌మన్ లోపలికొచ్చి "సార్, ఎవరో లోడు దించనీకొచ్చిండు, బిల్లు మీద సంతకం గావాలేమో" అన్నాడు. మా వాచ్‌మన్ మంచోడే, మనోడూ మంచోడే, చూసినోడికి అట్లా అనిపించింది అంతే. గేటు దగ్గర రిజిస్టర్‌లో పేరు రాయమంటే పెన్ను వాచ్‌మన్‌కే ఇచ్చి నువ్వే రాయి అన్నాడంట, ఇది తర్వాత పనికొచ్చింది.

కూర్చోబెట్టి లైసెన్స్ అడిగా. ఫోన్ తీసి వాట్సాప్‌లో ఫోటో చూపించాడు, సగం కార్డు మీద ఫ్లాష్ పడి తెల్లగా ఉంది. ఒరిజినల్ ఏదయ్యా అంటే "సేటు దగ్గరుంది సార్". ఆధార్ జిరాక్స్ ఒకటి జేబులోంచి తీశాడు, నాలుగు మడతలు, చెమటకి తడిసి మెత్తబడిపోయింది. యాక్సిడెంట్లు ఏమైనా అయ్యాయా అంటే "ఒక్క గీత గూడ వడలే సార్" అన్నాడు, ఈ మాట నేను వినని ఇంటర్వ్యూ లేదు, హెవీ మీద 11 ఏళ్లు ఒక్క గీత లేకుండా నడిపినోడు ఉంటే వాణ్ణి చూడాలని నాకూ ఉంది. రూట్ షీట్ ఇచ్చి స్టాపులు చదవమన్నా. చెయ్యి చాపినంత దూరం పెట్టి చూశాడు, దగ్గరికి తెచ్చాడు, మళ్లీ చాపాడు, చివరికి టేబుల్ మీద పెట్టేసి "సదువు రాదు సార్" అన్నాడు.

సరే పోనీ బండి చూద్దాం అని యార్డులోకి తీసుకెళ్లాం. నేనూ, మా సీనియర్ డ్రైవరూ పక్కన. నా అలవాటు ఏంటంటే సగం నీళ్లున్న బాటిల్ ఒకటి బస్సు లోపల ఇంజన్ బానెట్ మీద నిలబెడతా, బ్రేకు ఎట్లా వేస్తాడో, క్లచ్ ఎట్లా వదులుతాడో అదే చెప్పేస్తుంది, నేను మాట్లాడక్కర్లేదు. మనోడు స్టార్ట్ చేశాడు, బ్రేకులకి ఎయిర్ ఎక్కేదాకా ఆగాడు, గేజ్ చూశాడు, అక్కడే అర్థమైంది పనోడే అని. ముందుకి బాగా పోయాడు. రివర్స్ వేసేటప్పుడు ఎడమ కాలి చెప్పు వెనక్కి మడతపడి క్లచ్ కింద ఇరుక్కుంది, బండి ఒక్క ఊపు ఊగి ఆఫ్ అయింది, బాటిల్ కిందపడి దొర్లిపోయింది. వెంటనే రెండు చెప్పులూ విప్పి పక్కకి తోసి వట్టి కాళ్లతో నడిపాడు, ఇప్పుడు చూడాలి, వెన్న మీద పోయినట్టు పోతుంది బస్సు. నేను లోపల మెచ్చుకుంటూనే ఉన్నా, ఇంతలో ఆ విప్పిన చెప్పు ఫ్లోర్ మీద జారుకుంటూ పోయి బ్రేకు పెడల్ పక్కన ఆగింది. మా సీనియర్ వంగి చేత్తో లాగేశాడు. ఎవరూ ఏం మాట్లాడలేదు.

ఎందుకు వద్దన్నాం

చొక్కా మాసిందని కాదు. ఆ రోజు రాత్రి నేను నోట్సులో రాసుకున్నది చెప్పులు, లైసెన్స్, కళ్లు, ఈ మూడే.

చెప్పుల సంగతి చెప్పక్కర్లేదు, 40 మంది పిల్లలున్న బస్సులో బ్రేకు కింద చెప్పు దూరితే ఏమవుతుందో అందరికీ తెలుసు. లారీ మీద హవాయి చెప్పులతోనో వట్టి కాళ్లతోనో నడపడం మనోళ్లకి అలవాటు, ఎండాకాలం ఇంజన్ వేడికి బూట్లేసుకుంటే పాదాలు ఉడికిపోతాయి, నేను కాదనను. కానీ ఇంటర్వ్యూకి ఏ కాళ్లతో వస్తాడో డ్యూటీకీ అదే కాళ్లతో వస్తాడనుకుంటాం మేము.

లైసెన్స్ విషయంలో చాలామంది డ్రైవర్లకి తెలీని సంగతి ఒకటుంది. ఒరిజినల్ లైసెన్స్ ఓనర్ దగ్గర తాకట్టులా పెట్టుకోవడం మన దగ్గర మామూలైపోయింది, అడ్వాన్స్ ఇచ్చినందుకనో, మధ్యలో బండి వదిలి పోకుండానో. అట్లా పెట్టుకునే హక్కు ఏ సేటుకీ లేదు. పోలీసులైనా మోటార్ వెహికల్స్ యాక్ట్ సెక్షన్ 206 కింద లైసెన్స్ తీసుకుంటే రసీదు ఇవ్వాలి, ఆ రసీదు మీద కొన్నాళ్లు నడుపుకోవచ్చు. ఇక్కడ సేటు రసీదూ ఇవ్వడు, ఏమీ ఇవ్వడు. మాకేమో వేరే భయం, ఫోటోలో ఉన్న లైసెన్స్ నిజంగా ఉందా, సస్పెన్షన్‌లో ఉందా అని. డ్రంకెన్ డ్రైవ్‌లో దొరికితే లైసెన్స్ కోర్టు దాకా పోతుంది, అట్లా పోయినోళ్లు కూడా "ఇంట్లో ఉంది సార్, రేపు తెస్తా" అనే అంటారు. ఒరిజినల్ చేతిలో లేని ప్రతి ఒక్కణ్ణీ మేము ఒకే రకంగా అనుమానిస్తాం, పాపం అందులో మంచోళ్లూ ఉంటారు.

కళ్ల దగ్గర మాత్రం నేనే తప్పు చదివా. చదువు రాదేమో అనుకున్నా. పోయేటప్పుడు గేటు దగ్గర నిలబడి, రోడ్డు అవతల ఉన్న మెడికల్ షాపు బోర్డు మొత్తం చదివి "ఈడ ఆటోలు ఆగుతయా" అని వాచ్‌మన్‌ని అడిగాడంట. అంత దూరం బోర్డు చదివినోడికి చేతిలో కాగితం చదవరాదా? అప్పుడు వెలిగింది, చత్వారం. గేటు దగ్గర పెన్ను వాచ్‌మన్‌కి ఇచ్చింది కూడా అందుకే. కళ్లద్దాలు ఉన్నాయని తెలిస్తే డ్రైవర్ ఉద్యోగం ఇవ్వరేమో అని భయపడి, దానికంటే చదువు రాదని చెప్పుకోవడమే నయమనుకున్నాడు. ఇది నాకు రెండు రోజులు మనసులో తిరిగింది, మూడో రోజు నేనే ఫోన్ చేసి ఆదివారం రమ్మన్నా.

మధ్యలో మూడు వారాలు

ముందు లైసెన్స్. సేటుకి నేనే మాట్లాడతా అన్నా, వద్దన్నాడు, 12 వేలు అడ్వాన్స్ బాకీ ఉందంట. ఈలోపు ఎవరో సలహా ఇచ్చారంట, పోయిందని రాసిచ్చి డూప్లికేట్ తీసుకో అని. నేను ఒప్పుకోలే. ఉన్నదాన్ని పోయిందని సంతకం పెట్టడం తప్పు, పైగా రేపు స్కూల్లో అదే చెయ్యి సంతకాలు పెడుతుంది. చివరికి బాకీ రెండు విడతల్లో కట్టేలా మాట్లాడుకుని కార్డు తెచ్చుకున్నాడు. తెచ్చి నా చేతిలో పెడితే ఇంకో బాంబు.

లైసెన్స్ కార్డు మీద వ్యాలిడిటీ తేదీలు రెండుంటాయి, ఒకటి నాన్ ట్రాన్స్‌పోర్ట్, ఇంకోటి ట్రాన్స్‌పోర్ట్. సొంత కారు, బైక్ నడపడానికి మొదటిది, లారీ, బస్సు నడపడానికి రెండోది. మనోడు ఇన్నాళ్లూ మొదటి తేదీ చూసుకుని ఇంకా చాలా ఏళ్లుంది అనుకుంటున్నాడు, రెండోది అయిపోయి అప్పటికే నాలుగు నెలలు. నాలుగు నెలలుగా చెల్లని లైసెన్స్‌తో పది టైర్ల బండి విజయవాడ దాకా తిప్పుతున్నాడు, దారిలో ఏదైనా జరిగుంటే ఇన్సూరెన్స్ వాడు పట్టుకునేది మొదట అదే. ట్రాన్స్‌పోర్ట్ లైసెన్స్‌కి ముందు మూడేళ్ల గడువుండేది, 2019 సవరణతో అయిదేళ్లు చేశారు, ప్రమాదకరమైన సరుకు తోలే ట్యాంకర్ల వాళ్లకి మాత్రం మూడేళ్లే. అదే సవరణలో ఇంకోటి కూడా జరిగింది, గడువు అయిపోయాక పాతకాలంలో 30 రోజులు చెల్లుబాటు ఉండేది కదా, అది తీసేశారు. తెలంగాణ పోలీస్ డ్రైవర్ పోస్టుల కేసులో సుప్రీంకోర్టు కూడా ఇదే చెప్పింది, మధ్యలో గ్యాప్ ఉంటే లైసెన్స్ కంటిన్యూగా ఉన్నట్టు కాదని. కాబట్టి గవర్నమెంట్ డ్రైవర్ పోస్టులకి పోయేవాళ్లు ఆ రెండో తేదీ ఇంకా జాగ్రత్తగా చూసుకోవాలి. రెన్యువల్ గడువుకి ఏడాది ముందు నుంచే చేసుకోవచ్చు, అయిపోయాక ఏడాది లోపల అయితే టెస్టు లేకుండా అయిపోతుంది, ఏడాది దాటితే మళ్లీ టెస్టే. మనోడిది నాలుగు నెలలే కాబట్టి బతికిపోయాడు. లారీ ఆ రోజే ఆపించేశా, స్లాట్ బుక్ చేసి, డాక్టర్ దగ్గర ఫారం 1ఏ, అంటే మెడికల్ సర్టిఫికెట్, రాయించి పంపించా.

ఇక్కడ చిన్న పక్కదారి. వ్యాన్లు, చిన్న బండ్ల ఇంటర్వ్యూలకి పోయేవాళ్లు నన్ను ఎక్కువగా అడిగేది "అన్నా, నాది ఎల్ఎంవీనే, బ్యాడ్జి లేదు, నడుస్తదా" అని. ఎల్ఎంవీ అంటే లైట్ మోటార్ వెహికల్, బ్యాడ్జి అంటే కమర్షియల్ బండి నడపడానికి లైసెన్స్ మీద వేసే అనుమతి. మొత్తం బరువు 7,500 కిలోల లోపు బండి అయితే ఎల్ఎంవీ లైసెన్స్ మీదే కమర్షియల్ బండి కూడా నడపొచ్చని సుప్రీంకోర్టు 2017లో చెప్పింది, 2024 నవంబర్ 6న అయిదుగురు జడ్జిల బెంచ్ దాన్నే ఖాయం చేసింది. అయినా సూపర్‌వైజర్లలో చాలామందికి ఇది తెలీదు, తెలిసినా హెవీ ఉన్నోడే కావాలంటారు, వాళ్లతో ఇంటర్వ్యూలో వాదనకి దిగొద్దు. మా బస్సులు ఏడున్నర టన్నులు దాటినవే కాబట్టి మనోడి దగ్గర ఈ గొడవే రాదు.

తర్వాత కళ్లు. మెహిదీపట్నం సరోజినీ దేవి కంటి ఆస్పత్రికి పంపించా, దూరం చూపు బాగుంది, దగ్గరికి మాత్రం అద్దాలు కావాలన్నారు. లైసెన్స్ ఫారంలోనే ఒక ప్రశ్న ఉంటుంది, మంచి వెలుతురులో 25 మీటర్ల దూరంలో ఉన్న కారు నంబర్ ప్లేటు చదవగలరా అని, అక్కడే బ్రాకెట్లో అద్దాలుంటే అద్దాలతోనే అని రాసుంటుంది. అంటే అద్దాలున్నోడు నడపకూడదని చట్టమే అనట్లేదు. ఇది చూపిస్తే మనోడు కాసేపు ఏం మాట్లాడలేదు, తర్వాత "మూడేండ్ల సంది దాస్తున్ననే అన్నా" అన్నాడు. మూడేళ్ల నుంచి ట్రిప్ షీట్లు క్లీనర్‌తో చదివించుకుంటున్నాడు.

బట్టలు, బూట్ల దగ్గర నవ్వొచ్చింది. రెండో ఆదివారం ప్రాక్టీస్‌కి రమ్మంటే పెళ్లికొడుకులా దిగాడు, బావమరిది పెళ్లికి కొన్న మొనతేలిన నల్ల బూట్లు, టైటు ప్యాంటు, ఒంటికి అతుక్కున్న మెరిసే చొక్కా, సెంటు. బస్సు ఎక్కడానికి కాలెత్తితే ప్యాంటు పట్టేసింది, మెట్టు మీదే ఆగిపోయాడు. బూటు అట్ట గట్టిది, కింద తోలు నున్నగా ఉంది, క్లచ్ మీద కాలు జారుతుంది, పెడల్ ఎంత లోపలికి పోయిందో పాదానికి తెలియట్లేదు, చెప్పులతో ఒకసారి ఆపిన బండి ఈ బూట్లతో మూడుసార్లు ఆపాడు. డ్రైవర్‌కి పాదమే కన్ను అని మా సీనియర్ అంటాడు, అది నిజమే. దిల్‌సుఖ్‌నగర్ పోయి పల్చటి రబ్బరు అడుగున్న కాన్వాస్ బూట్లు కొనుక్కోమన్నా, కొని వారం రోజులు ఇంట్లో వేసుకుని తిరగమన్నా, కొత్త బూటు కరిస్తే ఆ నొప్పి బ్రేకు మీద తెలుస్తుంది.

చొక్కా ఏదైనా సరే లేత రంగు, చేతులు మడిచే వీలుండాలి, ప్యాంటు కూర్చుంటే తొడల దగ్గర వదులుగా ఉండాలి. ఖాకీ వేసుకోనా అని అడిగాడు. ఉంటే వేసుకోవచ్చు, తప్పేం లేదు, కానీ పాత కంపెనీ బొమ్మ కుట్టిన ఖాకీ వద్దు, అక్కడ మానేశాక కూడా వాళ్ల యూనిఫాం తిరిగి ఇవ్వలేదు అని అర్థమొస్తుంది. చేతికి లావుపాటి స్టీలు కడియం ఉండేది, స్టీరింగ్‌కి టకటకా తగులుతుంటే పిల్లల మాటలు వినపడవు, తీసేయమన్నా. మాలలో ఉన్నోళ్ల గురించి కూడా చాలామంది అడుగుతారు, మేలో కొండగట్టు పెద్ద జయంతికి హనుమాన్ మాల వేసుకున్నోళ్లు, చలికాలం అయ్యప్ప స్వాములు, చెప్పులు వేసుకోరు కదా. నా మాట ఏంటంటే ఫోన్‌లోనే ముందు చెప్పేయండి స్వామీ, మాల తీశాక టెస్టు పెట్టుకుందాం అంటే కాదనేవాళ్లు మన దగ్గర అరుదు, చెప్పకుండా వచ్చి గేటు దగ్గర ఇబ్బంది పడితే ఇద్దరికీ బాగుండదు.

కవరు విషయంలో నేను పెద్ద లిస్టు ఏం ఇవ్వలే. జిప్పున్న ప్లాస్టిక్ ఫైలు ఒకటి, అందులో ఒరిజినల్ లైసెన్స్, రెన్యువల్ రసీదు, ఆధార్, రెండు సెట్ల జిరాక్సులు సంతకాలు పెట్టి, ఫోటోలు నాలుగు, బ్యాంకు పాస్‌బుక్, ఫారం 1ఏ కాపీ. లైసెన్స్ ఫోన్‌లో డిజిలాకర్‌లోనో మన ఆర్టీఏ ఎం-వాలెట్‌లోనో ఉంటే రోడ్డు మీద చెల్లుతుంది, ఫోటో తీసింది చెల్లదు, అయినా ఇంటర్వ్యూకి కార్డు చేతిలో ఉంటేనే నాకు తృప్తి. ఎక్స్‌పీరియన్స్ లెటర్ అనేది లారీ సేటు ఎవరూ ఇవ్వరు, అడిగితే నవ్వుతారు. స్కూల్ బస్సుకి హెవీ మీద అయిదేళ్ల అనుభవం చూపించాలి, దానికి కార్డు మీదే హెవీ ఎప్పుడు ఎక్కిందో తేదీ ఉంటుంది, దానికి తోడు పాత ట్రిప్ షీట్లు కొన్ని, పనిచేసిన ఇద్దరు ఓనర్ల ఫోన్ నంబర్లు కాగితం మీద రాసి తెమ్మన్నా. ఆ ఓనర్లకి ముందే ఫోన్ చేసి ఇట్లా ఒకాయన అడుగుతాడు అని చెప్పుకోవాలి, లేకపోతే మేము ఫోన్ చేసినప్పుడు "ఎవడాడు?" అంటారు, అయిపోయింది.

తేకూడని వాటి గురించి ఒక్క మాట. కార్పొరేటర్ లెటర్లు, బావమరదులు, పక్కింటి అన్నలు. లెటర్ తెచ్చినోణ్ణి రేపు తప్పు చేస్తే ఏమనలేమని అప్పుడే అర్థమైపోతుంది. గుట్కా ప్యాకెట్ జేబులో ఉన్నా బయటికి కనపడుతుంది, మరక పళ్ల మీద ఉంటుంది. ముందురోజు రాత్రి మందు, కల్లు అసలొద్దు. చట్టం లెక్క 100 మిల్లీలీటర్ల రక్తంలో 30 మిల్లీగ్రాములు, రాత్రి 12 దాకా తాగినోడు పొద్దున ఎనిమిదికి ఊదితే ఇంకా చూపించొచ్చు, నిద్రపోయాను కదా దిగిపోయింది అనుకోవద్దు. మనోడికి ఆ అలవాటు లేదు, అతని జబ్బు వేరే, నిద్ర లేకుండా రావడం. ముందురోజు పొద్దున్నే ఇంట్లో ఉండు, రాత్రి పడుకో అన్నా.

రెండోసారి

జూన్ మొదటి వారం. ఈసారి నేను మార్కులు వేయలే, నేనే తయారు చేసినోణ్ణి నేనే పాస్ చేస్తే ఎట్లా, ప్రిన్సిపల్ మేడం, మా సీనియర్ డ్రైవర్ కూర్చున్నారు, నేను వెనక కుర్చీలో. 8:30కి అంటే 8:10కి గేటు దగ్గరున్నాడు. రిజిస్టర్‌లో పేరు తనే రాశాడు, జేబులోంచి అద్దాలు తీసి పెట్టుకుని. వాచ్‌మన్ గుర్తు పట్టలే.

లైసెన్స్ అడగకముందే ఫైలు తెరిచి ఇచ్చాడు. రూట్ షీట్ గడగడా చదివాడు, ఒక స్టాపు దగ్గర ఆగి "ఇది లెఫ్ట్‌కా రైట్‌కా మేడం, పిల్లలు రోడ్డు దాటాల్నా" అని అడిగాడు, మేడం నావైపు చూసింది. యాక్సిడెంట్ గురించి అడిగితే ఆరేళ్ల కింద చిట్యాల దగ్గర తెల్లారుజామున బర్రె అడ్డమొస్తే కొట్టాను, దాని ఓనర్‌కి డబ్బులు కట్టాం, కేసు కాలేదు అని ఉన్నది ఉన్నట్టు చెప్పాడు. ఇది మంచి పని. 1997లో ఎం.సి. మెహతా కేసులో సుప్రీంకోర్టు ఢిల్లీ స్కూల్ బస్సుల గురించి చెప్పినప్పటి నుంచి ఓవర్‌స్పీడ్, డ్రంకెన్ డ్రైవ్, డేంజరస్ డ్రైవింగ్‌లో ఒక్కసారి చలానా పడినా స్కూల్ బస్సుకి పెట్టుకోవద్దు అనేది ఒక కొలత అయిపోయింది, అట్లాంటివి దాచిపెట్టి తర్వాత బయటపడితే స్కూలూ మునుగుతుంది. బర్రె సంగతి అందులోకి రాదు, కానీ దాచకుండా చెప్పాడంటే మిగతావి కూడా చెప్తాడని నమ్మకం కుదిరింది.

యార్డులో ఎక్కే ముందు తనే బండి చుట్టూ తిరిగాడు. వీల్ నట్లు కాలితో కాదు చేత్తో చూశాడు, కింద వంగి ఆయిల్ మరకలున్నాయా చూశాడు, ఎమర్జెన్సీ డోర్ తీసి వేశాడు, ఫైర్ సిలిండర్ మీద తేదీ చదివాడు, దానికి కూడా అద్దాలు పెట్టుకున్నాడు. తర్వాత సీటు, సైడ్ మిర్రర్లు, బెల్టు, ఎయిర్ ఎక్కేదాకా వెయిటింగ్. బాటిల్ పెట్టా. రివర్స్ నీట్‌గా వచ్చాడు. స్పీడ్ బ్రేకర్ దగ్గర మాత్రం లారీ బుద్ధి బయటపడింది, లోడున్న బండి అనుకుని బ్రేకు గట్టిగా తొక్కాడు, బాటిల్ పడిపోయింది. హారన్ కూడా అవసరానికి మించి. మా సీనియర్ ఆ రెండూ రాసుకున్నాడు.

తీసుకున్నారు, కానీ వెంటనే రూట్ ఇవ్వలేదు, రెండు వారాలు స్పేర్ డ్రైవర్‌గా పెట్టి సీనియర్ పక్కన కూర్చోబెట్టారు. స్కూల్ బస్ డ్రైవర్లకి బీపీ, షుగర్, కంటిచూపు టెస్టులు ఎట్లాగూ చేయించి రికార్డు పెట్టాలి, అందులో అద్దాల నంబర్ కూడా రాసేశాం, ఇక దాచుకునేది ఏం లేదు.

నావైపు తప్పులు

రెండు. మొదటిది, ఫోన్‌లో పిలిచినప్పుడే "ఒరిజినల్ కార్డు, నడిపే బూట్లు, అద్దాలుంటే అద్దాలు" అని చెప్పుంటే మొదటి ఇంటర్వ్యూనే వేరేలా జరిగేది, మేమేం చెప్పకుండా పిలిచి వాళ్లు తేలేదని తిట్టుకుంటాం. ఇప్పుడు వాట్సాప్‌లో వాయిస్ మెసేజ్ పెడుతున్నా, చదవలేనోళ్లు, అద్దాలు దాచినోళ్లు కూడా వింటారు కాబట్టి.

రెండోది చొక్కా. లేత రంగు అని చెప్పి నేనే తెల్లది బాగుంటుంది అన్నా. ఆయన వీల్ నట్లు చేత్తో చూశాడు కదా, చూసి చెయ్యి ఎక్కడ తుడుచుకోవాలో తెలీక అటూ ఇటూ చూసి చివరికి చొక్కా అంచుకే తుడుచుకున్నాడు, గ్రీజు మరక పడింది. అపాయింట్‌మెంట్ కాగితం తీసుకునేటప్పుడు ఆ మరక కనపడకుండా ఫైలు అడ్డం పెట్టుకుని నిలబడ్డాడు. ఈ ఏడాది నుంచి తెల్ల చొక్కా మాట మానేశా, లేత నీలమో బూడిద రంగో చెప్తున్నా, ప్యాంటు జేబులో పాత గుడ్డపీలిక ఒకటి పెట్టుకోమంటున్నా.